పడవల షెడ్డు దగ్గర నాలుగో గొంతు

కొండల మధ్య జలాశయానికి అవతలి ఒడ్డున పాత పడవల షెడ్డు ఒకటి ఉంది. పడవలు ఎప్పుడో పోయాయి, రేకులు మాత్రం మిగిలాయి. పగలు ఎవరైనా వెళ్తారు, ఫొటోలు దిగుతారు, బిస్కెట్ పొట్లాలు పారేసి వస్తారు. చీకటి పడ్డాక మాత్రం ఒకటే మాట... అక్కడ తలలు లెక్కపెట్టకూడదు.

లెక్కపెడితే ఒకటి ఎక్కువ పలుకుతుందట.

రెండు కార్లలో వచ్చిన కాలేజీ కుర్రాళ్లు చాపలూ దుప్పట్లూ వదిలేసి పరుగెత్తారని చెప్పుకుంటారు. ఇంకో మనిషి ఒంటరిగా వెళ్లి, ధైర్యం చూపించుకోవాలని "ఒకటి" అన్నాడట. వెనక నుంచి "రెండూ..." అని వినిపించిందట. పదకొండు రోజులు జ్వరం. ఒక్కడే వెళ్లినవాడికి లెక్కపెట్టుకోవాల్సిన అవసరం ఏమొచ్చిందో నన్నడక్కండి. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

కానీ అసలు సంగతి నాకు ఒక టైలరు నోటి నుంచే తెలిసింది. అది చెబుతాను, వినండి.

ఒకే వీధిలో నలుగురు స్నేహితులుండేవాళ్లు. అందరికంటే పెద్దవాడు వ్యాను డ్రైవరు, మిగతావాళ్లు అతన్ని అన్నా అనేవాళ్లు. రెండోవాడు మందుల షాపులో కాంపౌండరు. మూడోవాడు మన టైలరు. నాలుగోవాడు ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే కుర్రాడు, అందరూ పెట్టిన పేరు రేడియో. ఎందుకంటే వాడు పొద్దున నోరు తెరిస్తే రాత్రి దాకా ఆపేవాడు కాదు. నిద్రలో కూడా మాట్లాడేవాడని వాళ్లమ్మే చెప్పేది.

ఆవిడకి ఇస్త్రీ పని. టైలరు షాపుకీ ఆవిడ ఇస్త్రీ బల్లకీ మధ్య ఒక్క రేకు అడ్డం. ఇటు కుట్టిన బట్ట అటు ఇస్త్రీకి వెళ్లేది. టైలరు ఆవిడని పెద్దమ్మా అని పిలిచేవాడు.

టైలరుకి ఒక విద్య ఉండేది. ఎవరి గొంతైనా దించేసేవాడు. డ్రైవరు దగ్గు, కాంపౌండరు నసుగుడు, వీధి చివర పాలవాడి కేక... అన్నీ. రేకు ఇవతల నుంచి రేడియో గొంతుతో "అమ్మా, ఆకలి!" అనేవాడు. ఆవిడ పెట్టె పక్కన పెట్టి లేచేది. తర్వాత రేకు మీద నిప్పుల గరిటెతో ఠప్పున కొట్టేది. "నీ నోరు పడిపోనూ! నాకు ఒక్కడు చాలడనా రెండో వాణ్ణి పుట్టిస్తున్నావు?" అని నవ్వేది.

ఈ నలుగురూ ఏటా వేసవిలో వ్యాను తీసుకుని ఎటో ఒకవైపు పోయేవాళ్లు. మూడు రోజులో, నాలుగు రోజులో. గుడారం ఒకటి, స్టవ్ ఒకటి, మిగతాదంతా గోల.

మొదటి యాత్రలో ఏమైందంటే, పెట్రోలు బంకు దగ్గర కాంపౌండరు బాత్రూముకి వెళ్లాడు. రేడియో వాగుడులో పడి ఎవరూ చూసుకోలేదు, వ్యాను కదిలిపోయింది. నలభై కిలోమీటర్లు వెళ్లాక డ్రైవరు, "ఏరా కాంపౌండరూ, నిద్రపోయావా?" అని అడిగితే... సమాధానం ఎక్కడ నుంచి వస్తుంది? వెనక్కి వెళ్లేసరికి వాడు బంకు గట్టు మీద కూర్చుని, ముఖం గంటు పెట్టుకుని, దారిన పోయే ప్రతి వ్యానునీ తిడుతున్నాడు.

ఆనాటి నుంచి డ్రైవరు ఒక నియమం పెట్టాడు. బండి కదిలే ముందు ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి పడుకునే ముందు ఒకసారి లెక్క. ఎవరి అంకె వాళ్లే చెప్పాలి. డ్రైవరు ఒకటి. కాంపౌండరు రెండు. టైలరు మూడు. ఆఖర్న రేడియో పాట పాడినట్టు సాగదీసి, "నాలుగూ..." అనేవాడు.

నాలుగు పలికితేనే గుడారం బయటి దీపం ఆర్పేది.

సరే. మూడేళ్ల కిందటి వేసవి. ఆ పడవల షెడ్డు పక్కనే గుడారం వేశారు. రొట్టెలు కాల్చుకుని గుడ్లతో తిన్నారు. మంచి వెన్నెల. డ్రైవరు ముందే చెప్పాడు, "చీకటి పడ్డాక నీళ్లలో దిగినవాణ్ణి ఇక్కడే వదిలేసి పోతాను" అని.

తొమ్మిదింటికి లెక్క పెట్టారు.

"ఒకటి."

"రెండు."

"మూడు."

"నాలుగూ..."

దీపం ఆరింది. నలుగురూ పడుకున్నారు... అనే అనుకున్నారు.

తెల్లారి చూస్తే రేడియో పక్క ఖాళీ. ఒడ్డున చొక్కా, చెప్పులు. మధ్యాహ్నానికి నీళ్లలోంచి వాణ్ణి బయటికి తీశారు. చేతికి గడియారం అలాగే ఉంది. ఎనిమిదీ ఇరవై ఐదుకి ఆగిపోయి ఉంది.

ఎనిమిదీ ఇరవై ఐదు! మరి తొమ్మిదింటికి పలికింది ఎవరు?

డ్రైవరు పోలీసుల ముందు ప్రమాణం చేసి చెప్పాడు. "నా చెవులతో విన్నాను సార్. వాడి గొంతే." కాంపౌండరూ అదే చెప్పాడు. ఆ మాట ఊళ్లు దాటింది. పడవల షెడ్డుకి లెక్కలో ఒకటి ఎక్కువ పలుకుతుందన్న పేరు అలా వచ్చింది.

టైలరు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఎందుకంటే, పలికింది వాడే.

ఆ రాత్రి ఎనిమిది దాటాక రేడియో టైలరుని షెడ్డు వెనక్కి లాక్కెళ్లాడు. "ఒరేయ్, ఆ నీళ్ల మధ్య రాయి దాకా ఈది వచ్చేస్తాను. అన్నకి తెలిస్తే తోలు తీస్తాడు. తొమ్మిదిలోపు రాకపోతే నా వంతు నువ్వు చెప్పెయ్" అన్నాడు. టైలరు సరేనన్నాడు. స్నేహితుడు ఆ మాత్రం అడిగితే కాదంటామా? తొమ్మిదయ్యింది. వాడు రాలేదు. గుడారం లోపలి చీకట్లో టైలరు గుడ్డ వైపు మొహం తిప్పుకుని, "నాలుగూ..." అన్నాడు. అచ్చు గుద్దినట్టు. కాంపౌండరు ఆవులించి, అటు తిరిగి పడుకున్నాడు.

ఇంకో అయిదు నిమిషాల్లో వస్తాడులే అనుకుంటూ టైలరు చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకున్నాడు. ఆ వారమంతా బడి పిల్లల యూనిఫారాలు రాత్రుళ్లు కూర్చుని కుట్టిన ఒళ్లు. ఎప్పుడు కళ్లు మూతలు పడ్డాయో తెలీదు.

గడియారం సంగతి అందరికీ ఒకలా అర్థమైంది, టైలరుకి ఇంకోలా అర్థమైంది. గడియారంలోకి నీళ్లు పోతే గడియారం ఆగుతుంది. మనిషి అప్పుడే ఆగాడని ఎవరు చెప్పారు? తొమ్మిదింటికి వాడు ఆ రాతిని పట్టుకుని ఉంటే? పిలుస్తూ ఉంటే? లెక్కలో నాలుగు పలకకపోతే డ్రైవరు టార్చి పట్టుకుని నీళ్లలోకి దూకేవాడు కదా... ఈ ఆలోచన టైలరుని మూడేళ్లు నమిలింది.

మొదటిరోజు చెప్పలేకపోయాడు. రెండోరోజు ఇంకా కష్టమైంది. నెల తిరిగేసరికి, బట్టలు కుట్టే చేత్తోనే తన నోరు తాను కుట్టేసుకున్నట్టయింది. రేకు అవతల పెద్దమ్మ పెట్టె చప్పుడు, ఇవతల వీడి మిషను చప్పుడు. మధ్యలో మాట లేదు.

యాత్రలు ఆగిపోయాయి. డ్రైవరు రాత్రి బాడుగలు మానేశాడు. అద్దంలో వెనక సీటు చూడాలంటే భయమట.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మడతపెట్టిన ప్యాంట్లు తెచ్చి టైలరు బల్ల మీద పెట్టింది. వెళ్లిపోలేదు. నిలబడింది.

"ఒరేయ్, నన్ను అక్కడికి తీసుకెళ్తారా?"

"ఎక్కడికి పెద్దమ్మా?"

"అక్కడికే."

మిషను ఆగింది.

"వాడి గొంతు వినిపిస్తుందటగా" అంది ఆవిడ. "దారిన పోయేవాళ్లందరూ విన్నారు. కన్నదాన్ని నేను వినొద్దూ?"

టైలరు వేలికి సూది దిగి ఉంది. ఆ రక్తం బట్టకి అంటకుండా చూసుకుంటూ, తల ఊపాడు.

డ్రైవరు మొదట ఒప్పుకోలేదు. "పగలు వెళ్లొద్దాం పెద్దమ్మా. దండం పెట్టుకుని వచ్చేద్దాం."

"పగలు పలకడటగా నాయనా."

"పెద్దమ్మా, నాకు ఇద్దరు పిల్లలు..."

"నాకు ఒక్కడేరా."

అంతే. డ్రైవరు మర్నాడు వ్యాను కడిగించాడు.

దారంతా ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. అది రేడియో చోటని ఎవరూ చెప్పలేదు, తనే వెళ్లి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగి ఇన్ని గంటలు బండిలో కూర్చోవడం అదే మొదటిసారట. టీ కొట్టు కనిపించినప్పుడల్లా అడిగేది. "ఇక్కడ ఆగేవాళ్లా? వాడు ఏం తీసుకునేవాడు?" డ్రైవరు ముందు ముక్తసరిగా చెప్పాడు. తర్వాత్తర్వాత వాడికే ఊపొచ్చింది.

"ఇదిగో ఈ కొట్లోనే పెద్దమ్మా, వాడు కొట్టువాడి ఫ్యాను బాగుచేస్తానని విప్పి, మూడు మరలు మిగిల్చాడు. అయినా తిరిగింది! ఆ మిగిలిన మరలు వాడి చేతిలో పెట్టి, 'ఇవి ఎక్కువ బిగించారు, అందుకే పాడైంది' అన్నాడు."

"తర్వాత?"

"కొట్టువాడు మురిసిపోయి టీ డబ్బులు కూడా తీసుకోలేదు. మేం వ్యాను కదిపామో లేదో ఫ్యాను రెక్క ఊడిపడి వెనక కేకలు."

ఆవిడ పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. కాంపౌండరు పెట్రోలు బంకు కథ చెప్పాడు, తన మీదే చెప్పుకున్నాడు. "నలభై కిలోమీటర్లు! నన్ను! వీళ్ల కడుపు నొప్పికి మందిచ్చేవాణ్ణి!" ఆవిడ వాడి వీపు మీద చరిచింది.

టైలరు ఒక్కడే అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. నిజం చెప్పేస్తే, కొడుకు గొంతు అక్కడ ఉందన్న ఆశ కూడా పోతుంది. చెప్పకుండా ఇంకోసారి ఆ గొంతు పెట్టేస్తే... ఆవిడ నిండు మనసుతో ఇంటికి వెళ్తుంది. వాడు మాత్రం దొంగగానే మిగిలిపోతాడు. ఏది చేయాలి? కొండ మలుపులన్నీ అయిపోయాయి, వాడి ఆలోచన మాత్రం తెమలలేదు.

పొద్దు వాలింది. షెడ్డు ముందు చాప పరిచారు. ఫ్లాస్కులో టీ ఎవరూ ముట్టుకోలేదు.

గాలి లేదు. నీళ్లు నల్లగా, కదలకుండా పడుకుని ఉన్నాయి. షెడ్డు లోపల ఎక్కడో రేకు ఒకటి... టక్... టక్... అంది. డ్రైవరు టార్చి అటు తిప్పాడు.

"ఎండకి కాగిన రేకు చల్లారితే అలాగే చప్పుడవుతుంది" అన్నాడు కాంపౌండరు.

"నాకు తెలుసులేరా" అన్నాడు డ్రైవరు. టార్చి మాత్రం అక్కడి నుంచి తిప్పలేదు.

తొమ్మిదయ్యింది.

"మొదలుపెట్టండి" అంది పెద్దమ్మ. గుసగుసగా.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "ఒ... ఒకటి."

"రెండు."

"మూడు" అన్నాడు టైలరు.

నిశ్శబ్దం.

నీళ్లలో చేప ఎగిరి పడింది. డ్రైవరు కాంపౌండరు చెయ్యి పట్టేసుకున్నాడు. అంతకు మించి ఏమీ లేదు.

"మళ్లీ" అంది ఆవిడ.

"ఒకటి."

"రెండు."

"మూడు."

...

ఆవిడ నీళ్ల వైపు వంగింది. "నాన్నా... ఒక్కసారి పలకరా. తిట్టనురా. పలుకు."

ఆ పిలుపు విని రాయి కూడా పలికేదే. నీళ్లు పలకలేదు.

"మళ్లీ అనండి నాయనా. ఈసారి గట్టిగా."

"ఒకటి..."

"రెండు..."

"మూడు..."

టైలరు ఆవిడ మొహం చూశాడు. వెన్నెల్లో ఆ మొహం అంతా చెవి అయిపోయి ఉంది. అది చూసి ఉండబట్టలేకపోయాడు. తల పక్కకి తిప్పుకున్నాడు. మూడేళ్లుగా ముట్టని గొంతుని లోపల్నుంచి తీశాడు.

"నాలుగూ..."

డ్రైవరు కెవ్వుమన్నాడు. కాంపౌండరు చాప మీద నుంచి లేచి నాలుగు అడుగులు వెనక్కి పరుగెత్తాడు.

పెద్దమ్మ కదల్లేదు. ఏడవలేదు. నెమ్మదిగా చెయ్యి చాపి, చీకట్లో టైలరు మోకాలి మీద పెట్టింది.

"ఆ రాత్రి కూడా నువ్వే కదరా?"

టైలరు చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు. "పెద్దమ్మా..."

"నా కొడుకు పోయాడు, వాడి గొంతు పోయింది. సరే. నీ నోట్లో ఉన్న ఇరవై గొంతులూ ఏమయ్యాయిరా? పాలవాడి కేక ఏమైంది? అన్న దగ్గు ఏమైంది? ఆ రోజు నుంచి రేకు అవతల ఒక్క వేళాకోళం లేదు. పని చేస్తూ చేస్తూ అదే ఆలోచించాను. ఏడాది పట్టింది నాకు తెలియడానికి."

"మరి... అడగలేదేం?"

"అడిగితే కాదంటావేమోనని. ఒకసారి కాదన్నాక మళ్లీ అడిగేదాన్ని కాను. నీ అంతట నువ్వు చెబుతావని చూశాను. చెప్పలేదు. అందుకే ఇక్కడికి లాక్కొచ్చాను."

అప్పుడు టైలరు చెప్పాడు. షెడ్డు వెనక మాట, రాయి దాకా ఈత, గుడారం గుడ్డ, నిద్ర, గడియారం... అంతా. మాటలు కాదు, వాంతి అయినట్టు బయటపడ్డాయి. చివర్న ఆవిడ కాళ్ల మీద పడ్డాడు.

డ్రైవరు లేచి వచ్చి వాడి చొక్కా కాలరు పట్టుకున్నాడు. "మూడేళ్లురా! నేను రాత్రి బండి తీయలేదు, పిల్లలకి పాల డబ్బులు లేక అప్పు చేశాను. నువ్వు పక్కన కూర్చుని నా భయం చూశావు. ఒక్క మాట... ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి నేను దూకేవాణ్ణి కదరా, ఆ గుడారంలో ఈత వచ్చిన వెధవని నేనొక్కణ్ణే కదరా!" అని, కొట్టడానికి ఎత్తిన చేత్తోనే తన నెత్తి కొట్టుకున్నాడు. కాంపౌండరు అతన్ని పట్టుకుని చాప మీద కూర్చోబెట్టాడు. ఇద్దరూ ఏడ్చారు.

"పెద్దమ్మా, నన్ను ఏం చేసినా సరే" అన్నాడు టైలరు.

ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"క్షమించానని అనలేనురా" అంది. "ఆ క్షమ నా దగ్గర ఉందో లేదో నాకే తెలీదు. ఉంటే ఎప్పుడో ఇస్తాను. నేను దానికోసం రాలేదు."

"మరి?"

"ఈ గొంతు దెయ్యానిదైతే, వాడు ఆఖర్న ఎవరితోనూ మాట్లాడకుండా పోయినట్టు. నీదైతే... వాడి వంతు నీకు అప్పజెప్పి వెళ్లినట్టు. అంటే వాడు ఆఖర్న నీతో మాట్లాడాడు." ఆవిడ గొంతు అక్కడ విరిగింది. "అందరూ వాడు చచ్చాక ఏమన్నాడో చెప్పారురా నాకు. బతికుండగా ఏమన్నాడో ఒక్కరూ చెప్పలేదు. ఏమన్నాడు? ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

టైలరు పైకి చూడలేకపోయాడు.

"చొక్కా విప్పి నా చేతికిచ్చాడు పెద్దమ్మా. నేను మడత పెడుతుంటే, 'అలా కాదు, మా అమ్మ చూస్తే నవ్వుతుంది' అన్నాడు. తర్వాత ఒక కాలు నీళ్లలో పెట్టాడు. 'అబ్బ... ఎంత చల్లగా ఉన్నాయిరా!' అన్నాడు."

"తర్వాత?"

"'వచ్చే వేసవికి అమ్మని కూడా లాక్కొస్తాను. నాకు పనులున్నాయి, నేను రాను అంటుంది. ఎంత తిట్టినా సరే, ఎత్తుకొచ్చి వ్యానులో పడేస్తాను. ఇక్కడ కూర్చోబెట్టి కాళ్లు నీళ్లలో పెట్టిస్తాను. ఎప్పుడూ ఆ నిప్పుల ముందేగా నిలబడుతుంది' అన్నాడు. అని నవ్వాడు. నవ్వుతూనే దూకాడు. అంతే పెద్దమ్మా. నీ మీద ఒట్టు, అంతే."

"ఇంత మాట" అంది ఆవిడ. "ఇంత మాట మూడేళ్లు నీ దగ్గరే ఉంచుకున్నావురా."

"ఇది చెబితే అదంతా చెప్పాలి కదా పెద్దమ్మా..."

ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "ఎక్కడ నిలబడి అన్నాడు?"

టైలరు ముందు నడిచాడు. షెడ్డు వెనక, ఒడ్డు కాస్త పల్లంగా దిగేచోట ఆగి చూపించాడు. డ్రైవరు టార్చి తెచ్చి, నీళ్ల అంచున వెలుగు పరిచాడు. అతను టైలరు పక్కనే నిలబడ్డాడు గానీ వాడి వైపు చూడలేదు.

ఆవిడ చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్లు చీలమండల పైకి ఎత్తి పట్టుకుంది. ఒక అడుగు. ఇంకో అడుగు. కాంపౌండరు "పెద్దమ్మా, జాగ్రత్త" అనబోయి ఆగిపోయాడు.

నీళ్లు పిక్కల దాకా వచ్చాక ఆగింది.

"నిజమేరా" అంది, ఎవరితోనో. "చల్లగానే ఉన్నాయి."